గిటారు వాయింప నేరని గిటారు నిర్మాత — లియో ఫెండరు

మన పాఠశాల పత్రికలో ఇదివరకు కవుల చరిత్రములు, దేశసేవకుల చరిత్రములు ప్రకటింపబడినవి. ఈ సంచికలో ఒక రేడియో మరమ్మతుదారుని చరిత్రము వ్రాయుచున్నాను. తల్లిదండ్రులలో కొందరికి ఇది వింతగా తోచవచ్చును. తెలుగు పంతులునకు గిటారు పెట్టెలతో పనియేమని అడుగువారును ఉండవచ్చును. అందుకు కారణము చెప్పి కథలోనికి పోయెదను.

గత వార్షికోత్సవమున పదవ తరగతి బాలుడొకడు మన వేదికపై విద్యుత్ గిటారు వాయించెను. పెండ్లిండ్లకు అద్దెకిచ్చు లౌడుస్పీకరు పెట్టెకే దానిని తగిలించిరి. స్వరము సరిగనే యున్నను ధ్వని రేకుపై గోరు గీచినట్లు వినవచ్చెను. మరునాడు ఆ బాలుడు నా యొద్దకు వచ్చి, పేరుపొందిన వాద్యకారులు నేటికిని వాల్వులు గల పాతకాలపు పెట్టెలనే యేల వెదకి కొనుచున్నారని ప్రశ్నించెను. నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా వసతిగృహమున కెదురుగా ఒక వృద్ధుని రేడియో దుకాణముండెను. ఆ ఊరి భాష నాకు అంతగా పట్టువడక ముందు సాయంకాలములు ఆ బల్లప్రక్కనే గడపితిని. మాటలు రాకున్నను టంకము వేయుట చూచి నేర్చుకొనవచ్చును గదా! అట్లు నాకు వాల్వులతో కొంత పరిచయము కలిగెను. బాలుని ప్రశ్నకు నేనిచ్చిన సమాధానమే ఈ వ్యాసము.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో లాసేంజిలిస్ నగరమునకు ఆగ్నేయదిశయందు అనాహైము, ఫుల్లర్టను అను రెండు పట్టణములు కలవు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున వాని నడుమ నారింజ తోటలుండెడివి. అట్టి తోట నొకదానిని సాగుచేసికొను దంపతులకు 1909 ఆగస్టు 10వ తేదీన, తోటలోని కొట్టముననే, లియో జన్మించెను. పూర్తి పేరు క్లారెన్సు లియొనిడాసు ఫెండరు. లియొనిడాసు గ్రీకు వీరుని పేరు. పిల్లవాడు మాత్రము వీరుని వలె గాక మితభాషిగా, ఒంటరిగా, చేతిలో నేదో యొక పనిముట్టుతో పెరిగెను.

ఎనిమిదవ యేట ఆతని యెడమకంటిలో వ్రణము పుట్టెను. వైద్యులు ఆ కన్ను తొలగించి గాజుకన్ను అమర్చిరి. ఒంటికన్నుతో సూక్ష్మమైన పనులు చేయుట యెంత కష్టమో సూదిలో దారమెక్కించువారికి తెలియును. అయినను లియో జీవితమంతయు వెండ్రుకవంటి తీగెలతోడను, గోరంత భాగములతోడను పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆతనిని సైన్యములో చేర్చుకొనకపోవుటకు ఆ కన్నే కారణము.

పదుమూడేండ్ల ప్రాయమున ఆతనికి ఒక పెట్టె వచ్చెను. తండ్రి తరమువాడైన జాన్ వెస్టు అను దగ్గరి చుట్టము శాంటామేరియా పట్టణమున మోటారుకార్ల విద్యుత్ పరికరములు బాగుచేయు దుకాణము నడుపుచుండెను. ఆయన పనికిరాని రేడియో భాగములను, ఒక బ్యాటరీని ఆ పెట్టెలో నింపి పిల్లవానికి పంపెను. మరుసటి యేడు లియో ఆ దుకాణమునకు పోయి చూచెను. విడిభాగములతో ఆ పెద్దమనిషి స్వయముగా కట్టిన రేడియో ఒకటి వాకిట నుంచబడియుండెను. దాని స్పీకరునుండి బిగ్గరగా వచ్చుచున్న సంగీతమును ఆ బాలుడు నిలుచుండి వినెను. ఆనాటి ధ్వని తన మనస్సున నాటుకొని పోయెనని ఆయన పెద్దవాడైన పిమ్మటకూడ చెప్పుకొనెను. ఫుల్లర్టను ఉన్నత పాఠశాలలో చదువుచున్న కాలముననే ఇంటి పట్టున చిన్న మరమ్మతులు చేసి నాలుగు డబ్బులు గడించుచుండెను.

ఇచట వాల్వు అననేమో చెప్పక ముందుకు సాగుట కుదరదు. మీ ఇండ్లలో తాతగారు, అమ్మమ్మగారు ఉన్నచో అడిగి చూడుడు. వారి చిన్ననాటి రేడియో మీట త్రిప్పినంతనే పాడెడిది కాదు. లోపల గాజుబుడ్లు ఎఱ్ఱగా వెలిగి, వేడెక్కి, క్రమముగా పాట వినవచ్చెడిది. ఆ గాజుబుడ్డియే వాల్వు. అందుండి గాలిని తీసివేసి యుందురు. లోపలి తీగె వేడెక్కగా దానిచే కాగిన లోహమునుండి ఎలెక్ట్రానులు వెలువడి ఎదుటి లోహఫలకము వైపునకు పరుగిడును. ఆ రెంటి నడుమ జల్లెడవంటి తీగెల అల్లిక యొకటి యుండును. జల్లెడపై విద్యుత్తు రవంత మారినను ఆ ప్రవాహము మిక్కుటముగా మారును. కాలువ తూము తలుపును ఒక చేతితో ఎత్తి దించుచు పొలమునకు పారు నీటినంతను అదుపుచేయు రైతు ఎట్లో, ఈ జల్లెడ అట్లు. ఇట్లు మూడంగములు గల వాల్వును 1906లో లీ డీ ఫారెస్టు కనిపెట్టెను. బలహీనమైన ధ్వనిసంకేతమును బలిష్ఠముగా చేయు యంత్రములన్నియు దీని సంతతియే.

1928లో లియో ఉన్నత పాఠశాల చదువు ముగించెను. తరువాత ఫుల్లర్టను జూనియరు కళాశాలలో గణకవిద్య నభ్యసించెను. విద్యుత్ శాస్త్రమును ఆతనికి ఏ గురువును నేర్పలేదు. పియానో కొంత, శాక్సొఫోను కొంత నేర్చెను, గిటారు నేర్వలేదు. మంచు గడ్డల వ్యాపారసంస్థలో సరకు చేరవేయుటకు కుదిరి అచ్చటనే లెక్కలు వ్రాయువాడయ్యెను. ఆ దినములలో స్థానిక వాద్యబృందపు నాయకుడొకడు నాట్యశాలలలో వాడుకొనుటకు ధ్వనివర్ధక యంత్రములు కట్టి యిమ్మని అడుగగా ఆరింటిని కట్టి యిచ్చెను. ఆయన చేతి ధ్వనివర్ధకములు సభలకెక్కుట అదియే మొదలు.

1934లో ఎస్తరు అను ఆమెను వివాహమాడెను. రాష్ట్రప్రభుత్వపు రహదారుల శాఖలో గణకోద్యోగము దొరకెను. అది ఆర్థికమాంద్యపు కాలము. ఆ యుద్యోగము పోయెను. టైర్ల సంస్థలో మరియొక యుద్యోగము దొరకి, అదియు పోయెను. 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టనులో ఫెండర్ రేడియో సర్వీస్ అను దుకాణము తెరచెను. ఉద్యోగములు పోవుటచేత ఈ వృత్తి యబ్బెనని వ్రాయుట తేలిక. ఆనాడు ఆ యింట ఎంత దిగులుండెనో యోచించుడు.

ఆ దుకాణమే ఆయనకు విశ్వవిద్యాలయమయ్యెను. రేడియోలు, గ్రామఫోనులు, సభలకు అద్దెకిచ్చు ధ్వనివర్ధకములు అచ్చటికి మరమ్మతుకు వచ్చెడివి. చెడిన యంత్రమును విప్పినవానికి దానిని కట్టినవాడు చేసిన పొరపాటు కన్పట్టును. ఏ భాగము వేడికి మాడినది, ఏ అతుకు బండిలో కుదుపునకు ఊడినది, ఏ మర విప్పుటకు చేయి దూరదు — వీనినన్నిటిని లియో వందలమారులు చూచెను. తరువాత తాను కట్టిన ప్రతి వస్తువును సులభముగా విప్పి బాగుచేయుటకు వీలుగా కట్టెను. ఆయన గిటారులకు మెడ భాగము జిగురుతో నతుకబడక మరలతో బిగింపబడియుండుటకును, ఆయన ధ్వనివర్ధకపు పెట్టె లోపల ఏ చోట ఏ వాల్వు ఉండవలెనో తెలుపు కాగితము అంటింపబడియుండుటకును మూలమిదియే.

ఆ దుకాణమునకు వచ్చువారిలో వాద్యకారులు పెక్కండ్రు. వారిలో డాక్ కాఫ్మను అనునాతడు గిటారులు చేయుటయందు ముందే అనుభవము గలవాడు. ఇరువురును కలసి ఒడిలో పరుండబెట్టి లోహపు కడ్డీతో వాయించు హవాయి గిటారులను, వానికి తగిన ధ్వనివర్ధకములను చేయసాగిరి. 1945లో కే అండ్ ఎఫ్ అను పేర వ్యాపారము పెట్టిరి. పగలంతయు దుకాణము, రాత్రి ప్రొద్దుపోవువరకు ఈ పని. కాఫ్మను జాగ్రత్తపరుడు. అప్పు పెరిగి చేతులు కాలునని భయపడి 1946 ఆరంభమున విరమించుకొనెను. ఆయనను పిరికివాడనుట న్యాయము కాదు. ఆర్థికమాంద్యమును చూచినవాని భయమది. లియోయు దానిని చూచినవాడే. అయినను ఆగలేదు. ఆ యేటనే ఫెండరు విద్యుత్ వాద్యముల సంస్థను స్థాపించెను.

తొలినాటి ధ్వనివర్ధకములు మెరుగుపెట్టిన కఱ్ఱ పెట్టెలు. పిదప దేవదారు జాతి కఱ్ఱ పలకలను పన్ను పన్నుగా జోడించి, ప్రయాణపు పెట్టెలకు అంటించునట్టి ముతక నేతగుడ్డను వానిపై అంటించిరి. వాద్యకారులు వానిని బండ్లలో పడవైచుకొని రాత్రికొక ఊరు తిరుగువారు. కనుక పెట్టె దెబ్బకు ఓర్వవలెను. లోపల దళసరి అట్టపై రాగివన్నె కన్నములలో భాగములను నిలిపి చేతితో టంకము వేసెడివారు. ఆ పని చేసినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఆనాటి పెట్టెలను నేడు విప్పి చూచిన మరమ్మతుదారులకు లోపలి మూలలో చిన్న కాగితపు పట్టీపై ఒక స్త్రీ పేరు వ్రాసియుండుట కనబడును. ఇంటిపేరుండదు. దానిని కట్టినామె పేరు అది. గాయకుల పేర్లు లోకమెల్ల ఎరుగును. ఈ పేర్లు పెట్టె విప్పినవారికి మాత్రమే తెలియును.

లోపల బోలు లేక ఒకే కఱ్ఱచెక్కతో చేసిన గిటారును లియో 1950లో విపణికి తెచ్చెను. దానికి బ్రాడ్‌కాస్టరు అని పేరు పెట్టగా, ఆ ధ్వనిగల పేరు తమ మృదంగములకు ముందే కలదని వేరొక సంస్థ అభ్యంతరము తెలిపెను. లియో వ్యాజ్యమాడలేదు. అప్పటికే అచ్చయిన పట్టీలు వ్యర్థము కాకుండ పేరు భాగమును కత్తిరించి, మిగిలిన ముక్కను మాత్రము గిటారులపై అంటించి పంపెను. కొంతకాలము అవి పేరు లేకయే అమ్ముడుపోయినవి. 1951లో టెలికాస్టరు అను పేరు స్థిరపడెను. పేరు లేని ఆ కొలది గిటారులకే నేడు విలువ మెండు.

అదే సంవత్సరమున ఆయన మంద్రస్వరములు పలుకు విద్యుత్ బేస్ గిటారును చేసెను. అంతకు పూర్వము ఆ స్వరములకు మనిషి యెత్తును మించిన పెద్ద ఫిడేలు వంటి వాద్యమును నిలువబెట్టి వాయించెడివారు. దానికి మెట్లు లేవు. స్వరస్థానము చెవితో వెదకుకొనవలెను. లియో మన వీణకు వలె దీనికి మెట్లు బిగించెను. మెట్టు మీద స్వరము కచ్చితముగా పలుకును గనుక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరిడెను. ఈ మంద్రధ్వనిని మోయుటకు సాధారణపు పెట్టె చాలదు. అందుచే 1952లో బేస్‌మన్ అను ధ్వనివర్ధకమును కట్టెను. మా బాలుడు వేసిన ప్రశ్నకు సమాధానము ఈ పెట్టెలోనే కలదు.

మొదట దానికి పదునైదంగుళముల స్పీకరు ఒక్కటే యుండెను. కొన్ని యేండ్లలో దానిని మార్చి పదియంగుళముల స్పీకర్లు నాలుగు అమర్చెను. బరువును నలుగురు పంచుకొన్నట్లు మంద్రస్వరపు తాకిడిని ఆ నాలుగును పంచుకొనును. 1950వ దశకపు చివరినాటి బేస్‌మనులో శక్తినిచ్చు పెద్ద వాల్వులు రెండు, వానికి ముందు చిన్న వాల్వులు మూడు ఉండును. సుమారు 45 వాట్ల బలము. హెచ్చుస్థాయిని, నడిమిస్థాయిని, మంద్రస్థాయిని వేర్వేరుగా దిద్దుకొనుటకు మీటలు కలవు. తీగె తగిలించుటకు నాలుగు రంధ్రములు, ధ్వనికి రెండు మార్గములు.

బేస్ కొరకు చేసిన ఈ పెట్టెను గిటారు వాద్యకారులు ఎత్తుకొని పోయిరి! మంద్రస్వరమునకై ఏర్పరచిన విశాలత గిటారు ధ్వనికి నిండుదనము నిచ్చెను. మెల్లగా వాయించిన గంటవలె స్వచ్ఛముగా పలుకును. మీట సగము దాటించి తీగెను గట్టిగా మీటినచో స్వరమునకు సన్నని జీర పట్టును. చేయి తేలికపరచినచో జీర మాయమగును. రెండు మార్గములను ఒక చిన్న తీగె ముక్కతో కలిపి, రెంటి గుణములను తమకు వలసిన పాళ్ళలో మేళవించుకొను ఉపాయమును వాద్యకారులే కనిపెట్టుకొనిరి. పెట్టెను చేసినవాడు దానిని ఊహింపలేదు. షికాగో నగరపు బ్లూస్ గాయకుడు బడ్డీ గై బేస్‌మనుతో వాయించి పేరొందినవారిలో ఒకడు. నోటితో ఊదు హార్మోనికా వాయించువారు సైతము దానికే తమ మైకును తగిలించుకొనిరి. ఒక్క పెట్టె ఇన్ని విధముల ఉపయోగపడుట ధ్వనివర్ధకములలో అరుదు.

ఈ జీర ఎందుకు వచ్చును? వాల్వు తన శక్తికి మించిన పని మీద పడినపుడు అలల శిఖరములను ఒక్కసారిగా నరికివేయక గుండ్రముగా వంచును. దానిచే మూలస్వరముతో పాటు దాని అనుస్వరములు కొన్ని పుట్టి స్వరమును చిక్కబరచును. సామాన్యమైన ట్రాన్సిస్టరు యంత్రము హద్దు చేరువరకు శుభ్రముగా పలికి, హద్దు దాటగనే శిఖరమును కత్తితో కోసినట్లు ఛేదించును. మన వార్షికోత్సవమున వినవచ్చిన రేకు ధ్వని అట్టిది. వయసు మీరిన నటుని గొంతులోని జీరకును, చిరిగిన గొంతునకును గల భేదమును నాటకములు చూచిన పెద్దలు గ్రహింతురు.

కాని లియోకు ఆ జీర యిష్టము లేదు! ఆయన చెవికి గంటవంటి స్వచ్ఛధ్వనియే ధ్వని. ప్రతి కొత్త నమూనాయందును ఆ జీరను తగ్గించుటకే యత్నించెను. వాద్యకారులు మాత్రము మీటను చివరివరకు త్రిప్పి దానినే కోరి తెచ్చుకొనిరి. దోషమని తాను తొలగింపజూచినదే తన పెట్టెలకు కీర్తి తెచ్చెను. ఈ విషయమున ఎవరి చెవి సరియైనదని నన్నడిగినచో, ఇరువురిదియు నందును. స్వచ్ఛత కొరకు ఆయన అంత శ్రద్ధ తీసికొనకున్నచో ఆ జీర అంత మధురముగా ఉండెడిది కాదు.

తనకు వాయించుట రాదు గనుక ఆయన వాయించువారిని వినెను. సాయంకాలము కొత్త పెట్టెను బండిలో వేసికొని వాద్యశాలలకు పోవును. వాద్యకారునికి దానిని ఇచ్చి వాడి చూడుమనును. కచేరి నడుచుచుండగనే వెనుక చేరి మీటలు త్రిప్పి చూచును. ఇది వాద్యకారులకు కొంత విసుగు కలిగించెడిదట. బిల్ కార్సను అను వాద్యకారుడు తన గిటారు అంచులు ప్రక్కటెముకలకు గ్రుచ్చుకొనుచున్నవని మొరపెట్టుకొనెను. ఇట్టి మాటలను మనస్సునం దుంచుకొని, హవాయి ద్వీపవాసి ఫ్రెడీ టవారెసు సహాయముతో, 1954లో శరీరమున కొదిగెడు వంపులు గల స్ట్రాటోకాస్టరును చేసెను. ఆ గిటారుపైని ఒక చిన్న మీటను నొక్కినచో స్వరస్థానము క్రిందికి జారి మరల లేచును. మన గమకమునకు దూరపు చుట్టము. సంగీతజ్ఞులు దానిని వైబ్రాటో అందురు. లియో దానికి ట్రెమోలో అని పేరు పెట్టెను. తన ధ్వనివర్ధకములలో స్వరస్థానము కదలక ధ్వని మాత్రము హెచ్చుతగ్గులగు ట్రెమోలోకు వైబ్రాటో అని పేరు పెట్టెను. పేర్లు రెండును తలక్రిందులు! ఆ తప్పు ఆయన పుణ్యమా అని నేటికిని చెలామణిలో నున్నది. పరీక్షలో వ్రాసియుండినచో మార్కులు పోయెడివి.

1960 ప్రాంతమున డిక్ డేలు అను యువకుడు సముద్రతీరమున బల్బోవాలోని నాట్యశాలలో వాయించుచుండెను. ఎడమచేతివాటము గలవాడు, కుడిచేతి గిటారునే తలక్రిందులుగా పట్టి, దళసరి తీగెలను గొడ్డలితో కొట్టినట్లు మీటుచుండెను. లియో ఇచ్చిన ధ్వనివర్ధకములు ఒకదాని వెంట ఒకటి కాలిపోయెను. స్పీకర్ల కాగితము చినిగిపోయెను. కర్మాగారపు గదిలో చాలినంత బిగ్గరగా నున్న పెట్టె అచ్చట ఎందులకు చాలకున్నదో లియోకు మొదట అర్థము కాలేదు. ఒక రాత్రి టవారెసుతో కలసి తానే అచ్చటికి పోయి, క్రిక్కిరిసిన జనుల నడుమ నిలిచి వినెను. అంతమంది దేహములు, వస్త్రములు ధ్వనిని దూదివలె పీల్చుకొనుచున్నవి! తిరిగివచ్చి పెద్ద ట్రాన్స్‌ఫార్మరుతో, బలిష్ఠమైన పదునైదంగుళముల స్పీకరుతో షోమన్ అను ధ్వనివర్ధకమును సిద్ధము చేసెను. మన పాఠశాలలోను పిల్లలు రాకముందు ఖాళీ మందిరములో మైకు సరిచూచి తృప్తిపడుట కలదు.

ఇంతలో లండనులో జిమ్ మార్షలు అను మృదంగకారుని దుకాణమునకు వచ్చు యువకులు అమెరికా ధ్వనివర్ధకములు మిగుల ప్రియమని వాపోవుచుండిరి. మార్షలు, ఆయన సహాయకులు బేస్‌మన్ నమూనాను ముందుంచుకొని, ఆంగ్లదేశమున దొరకు భాగములతో 1962లో తమ పెట్టెను కట్టిరి. భాగములు మారగా జీర మరింత చిక్కనయ్యెను. జిమి హెండ్రిక్సు స్ట్రాటోకాస్టరును మార్షలు పెట్టెలతో వాయించి లోకమును అబ్బురపరచెను. గిటారు లియోది, పెట్టెకు మూలమును లియోదే. ఫుల్లర్టనులో లియో మాత్రము 1963లో స్ప్రింగులగుండ ధ్వనిని పంపి గుడి మంటపములో పాడినట్లు ప్రతిధ్వని కలిగించు పెట్టెలను తెచ్చెను. స్ప్రింగు ఉపాయము మొదట హామండ్ ఆర్గనుల వారిది. వానిలో 22 వాట్ల చిన్న డీలక్స్ రివర్బ్ ఇంటిలోను, ధ్వనిముద్రణశాలలోను వాయించువారికి నేటికిని ప్రీతిపాత్రము. పెద్ద ట్విన్ రివర్బ్ ధ్వని స్వచ్ఛతకు పెట్టినది పేరు. దానిని మెట్లెక్కించినవారు తమ నడుములను తలచుకొందురు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. వాల్వు పెట్టెలలో నాలుగువందల వోల్టులకు పైబడిన విద్యుత్తుండును. తీగె పీకివేసిన పిదపకూడ లోపలి కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచియుండును. తెలిసినవారు ప్రక్కన లేక వానిని విప్పరాదు.

ఈ వైభవపు దినములలోనే లియో రోగపీడితుడయ్యెను. 1950వ దశకమున ముక్కు లోపలి భాగములకు సోకిన వ్యాధి యేండ్ల తరబడి వదలలేదు. తనకు ఆయువు తీరినదని ఆయన నమ్మెను. వందలమందికి జీతములిచ్చు కర్మాగారము తన వెనుక ఏమగునో అను చింత పట్టుకొనెను. 1965 జనవరిలో దానిని కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అను మహాసంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించెను. అంతకు కొలదికాలము ముందు న్యూయార్కు యాంకీస్ అను ప్రఖ్యాత బేస్‌బాల్ జట్టులో అధికభాగమును కొనుటకు ఆ సంస్థ ఇంతకంటె తక్కువ మొత్తమునే చెల్లించియుండెను. అప్పు తెచ్చిన 600 డాలర్లు ఇంత యయ్యెను. సంతకమైన పిమ్మట ఆయన వేరొక వైద్యుని ఆశ్రయింపగా, ఆ వైద్యుడిచ్చిన మందుతో వ్యాధి నయమయ్యెను!

ఆయనకప్పుడు ఏబదియైదేండ్లు. ఆరోగ్యము కలదు, ధనము కలదు. చేయుటకు పని లేదు. పోటీ వ్యాపారము చేయరాదని ఒడంబడిక. సలహాదారు అను పేరున్నను నిర్ణయములు ఆయనవి కావు. అన్నిటికంటె వింత యేమన, ఫెండరు అను తన ఇంటిపేరును ఇక ఏ గిటారు మీదను తాను వ్రాసికొనుటకు వీలులేదు. ఆ పేరు అమ్ముడుపోయినది. నా మటుకు నాకు ఆయన జీవితమున కన్ను పోయిన ఘట్టముకంటె ఈ ఘట్టమే బాధాకరముగా తోచును.

కొత్త యజమానులు 1966లో వాల్వులు లేని ట్రాన్సిస్టరు ధ్వనివర్ధకములను తెచ్చిరి. తేలిక, చౌక, ఆధునికమని ప్రచారము చేసిరి. వాద్యకారులు వానిని మెచ్చలేదు. అవి తరచు చెడిపోయెను. లియోతో 1954 నుండి కర్మాగారమును నడపిన ఫారెస్టు వైటు వానిని చేయుట కిష్టపడక ఉద్యోగమునే విడిచెను. కొన్ని సంవత్సరములలో ఆ పెట్టెలు నిలిచిపోయి వాల్వు పెట్టెలు కొనసాగెను. వాద్యకారులు 1965కు పూర్వపు పెట్టెలకై పాత సామానుల అంగళ్లు గాలించుట ఆ దినములలోనే మొదలయ్యెను.

ఒడంబడిక గడువు తీరగానే లియో మరల పనిలో దిగెను. ఫారెస్టు వైటు, టామ్ వాకరు స్థాపించిన మ్యూజిక్ మాన్ సంస్థకు 1975లో అధ్యక్షుడయ్యెను. ఆ సంస్థ ధ్వనివర్ధకములలో ముందుభాగము ట్రాన్సిస్టర్లతోను, శక్తిభాగము వాల్వులతోను నడచెను. 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్ గిటారు పేరుగాంచెను. 1979లో భార్య ఎస్తరు క్యాన్సరు వ్యాధితో మరణించెను. లేమిలోను కలిమిలోను తోడుగా నున్న యామె. ఆ తరువాత ఆయన ఫిల్లిస్ అను ఆమెను వివాహమాడెను. చిరకాల మిత్రుడు జార్జి ఫుల్లర్టనుతో కలసి స్థాపించిన మరియొక సంస్థకు జీ అండ్ ఎల్ అని ఇరువురి మొదటి పేర్ల తొలి అక్షరములు పెట్టిరి. ఇంటిపేరు పోయినను ఒక్క యక్షరమైనను మిగిలెను.

చివరి యేండ్లలో పార్కిన్సన్ వ్యాధిచే చేతులు వణకసాగెను. ఒంటికన్ను, వణకుచేయి. అయినను దినదినమును తన పనిగదికి పోయి బల్లకడ కూర్చుండెను. 1991 మార్చి 20వ తేదీన సైతము పోయెను. మరునాడు, మార్చి 21న, మరణించెను. మరుసటి సంవత్సరము రాక్ సంగీతపు కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చిరి. ఫుల్లర్టనులోని జీ అండ్ ఎల్ కర్మాగారమున ఆయన పనిగదిని విడిచిపోయిన రీతిగనే యుంచిరి. బల్లమీద పనిముట్లు, కొలతసాధనములు, సగములో నిలిచిన పని అట్లే ఉండెను.